మోటారు ఊగకుండా, పడవ కదలకుండా

ఎండలు కాస్త ముదిరితే చాలు, డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్ల దగ్గర కూడా ఇప్పుడు పడవలు కనిపిస్తున్నాయి. చాలావరకు సెకండ్‌హ్యాండ్‌వి. పదిహేడు నుంచి ఇరవై అడుగుల ఫైబర్ పడవ, వెనక ఒక ఔట్‌బోర్డ్ మోటారు. శనివారం పొద్దున్నే లూయిస్‌విల్ లేక్‌కో, రే రాబర్ట్స్‌కో లాక్కుపోతారు. లాంగ్ వీకెండ్ కలిసొస్తే ఓక్లహోమా సరిహద్దులో ఉన్న టెక్సోమా దాకా వెళ్తారు. పడవను ట్రైలర్‌కి కట్టాలని అందరికీ తెలుసు. మోటారు సంగతి మాత్రం చాలామందికి తట్టదు. బోల్టులు బిగించే ఉన్నాయి కదా, ఎక్కడికి పోతుందిలే అనుకుంటారు.

150 హార్స్‌పవర్ మెర్క్యురీ ఫోర్‌స్ట్రోక్ మోటారు దాదాపు 206 కిలోలు తూగుతుంది. అంత బరువూ పడవ వెనక గోడను పట్టుకుని వేలాడుతుంది. ఆ గోడనే ట్రాన్సమ్ అంటారు. చెరువులో ఉన్నప్పుడు కుదుపులు చాలావరకు నీళ్లే మింగేస్తాయి. రోడ్డు మీద ప్రతి గుంతా, బ్రిడ్జి దగ్గర ప్రతి అతుకూ ట్రైలర్ చక్రాల నుంచి నేరుగా మోటారు దాకా పోతుంది. కింది చిట్కాలన్నిటి వెనకా ఉన్న లెక్క ఒకటే: మోటారు బరువు గట్టి ఇనుము మీద ఆనాలి. నూనె మీదా కాదు, చిన్న గొళ్లెం మీదా కాదు.

1. ముందు మోటారును పూర్తిగా దించి చూడండి.

ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించి, చదునైన చోట ఆపి, చెరువులో నడిపేటప్పుడు ఎలా ఉంటుందో అలా మోటారును నిలువుగా దించండి. ప్రొపెల్లర్ కింద చేప రెక్క ఆకారంలో పొడుచుకొచ్చే భాగాన్ని స్కెగ్ అంటారు. దాని అంచు నుంచి నేలకు ఎంత ఎడం ఉందో టేపు పెట్టి కొలవండి. అడుగు దాకా ఖాళీ ఉంటే మోటారును అలాగే నిలువుగా తీసుకెళ్లడమే అన్నిటికంటే మేలు. మోటారు తయారుచేసే కంపెనీలు కూడా తమ పుస్తకాల్లో మొదట చెప్పేది ఇదే. నిలువుగా ఉన్నప్పుడు మోటారు తన బ్రాకెట్‌కు గట్టిగా ఆనుకుని ఉంటుంది. పైకి లేపితే ఆ ఆసరా పోయి, పొడవాటి కాలు వెనక్కి చాచుకుంటుంది. ఆ కాలి చివర గేర్‌కేస్, ప్రొపెల్లర్ బరువంతా ఉంటుంది. నిండు బిందెను నడుముకు ఆనించుకుని ఊరంతా తిరగొచ్చు, అదే బిందెను చెయ్యి చాచి పట్టుకోమంటే రెండు నిమిషాలు నిలబడలేం.

ఒక్క సంగతి. చదును నేల మీద అడుగు ఖాళీ కనిపించినా, ఇంటి డ్రైవ్‌వే నుంచి వీధిలోకి దిగేటప్పుడు, పెట్రోలు బంకు మలుపులో, రైలు పట్టాలు దాటేటప్పుడు ట్రైలర్ వెనక భాగం కిందికి వంగుతుంది. చక్రాలకు వెనక పడవ ఎంత పొడవుంటే అంత ఎక్కువ వంగుతుంది. మీ ఇంటి ముందు కాలువ వాలు దగ్గర ఒకరు నిలబడి చూస్తుండగా, నడక వేగంతో ఒకసారి ట్రైలర్‌ను దించి చూడండి. స్కెగ్ గీసుకునే అవకాశం ఉంటే లేపి తీసుకెళ్లక తప్పదు. నేలకు తక్కువ ఎత్తులో ఉండే బాస్ బోట్ ట్రైలర్లకు సాధారణంగా లేపాల్సే వస్తుంది.

2. టిల్ట్ లాక్‌ను నమ్మి రోడ్డెక్కొద్దు.

మోటారును పైకి లేపాక పక్కన చిన్న మీట ఒకటి తిప్పితే, అది అలా నిలబడుతుంది. అది ఉన్నది పడవ నిలిపి ఉంచినప్పుడు మోటారు దిగిపోకుండా చూడటానికి. దాన్ని ప్రయాణానికి వాడొద్దని యమహా తన యజమాని పుస్తకంలో స్పష్టంగా హెచ్చరిస్తుంది. కుదుపులకు మీట జారితే మోటారు ఒక్కసారిగా కిందపడుతుంది. ఆ మీట మందం చూస్తే మీకే అర్థమవుతుంది, బొటనవేలంత కూడా ఉండదు.

3. హైడ్రాలిక్ ఉంది కదా అని ఊరుకోవద్దు.

బటన్ నొక్కితే లేచే మోటార్లలో మోటారును పట్టి ఉంచేది సిలిండర్లోని నూనె. కుదుపు వచ్చిన ప్రతిసారీ ఆ నూనె మీద ఒత్తిడి పెరిగి సీళ్ల మీద పడుతుంది. కొత్త మోటారైతే కొన్నేళ్లు ఏమీ తెలియదు. పాత మోటారైతే గంట ప్రయాణంలో అంగుళం, రెండంగుళాలు దిగొచ్చు. ఇంట్లో పరీక్ష తేలిక. సాయంత్రం మోటారును పూర్తిగా లేపి, స్కెగ్ నుంచి నేలకు ఎత్తు కొలిచి రాసుకోండి. పొద్దున్నే మళ్లీ కొలవండి. తేడా ఉంటే సీళ్లు పోయి ఉండొచ్చు. సిలిండర్ కడ్డీ మీద వేలితో రుద్ది చూడండి, జిడ్డు అంటినా అదే అర్థం. మోటారును రాత్రంతా అలా ఉంచినప్పుడు పిల్లల్ని అటువైపు పోనివ్వొద్దు, మీరూ దాని కింద కూర్చోవద్దు.

4. ట్రాన్సమ్ సేవర్ కొనండి.

పేరు పెద్దది, వస్తువు చిన్నది. పొడవు సర్దుకునే ఇనుప లేదా అల్యూమినియం కడ్డీ. ఒక చివర ట్రైలర్ వెనక అడ్డ దూలానికి తగులుకుంటుంది. రెండో చివర రబ్బరు తొడిగిన పంగలకర్రలా ఉండి మోటారు కాలిని మోస్తుంది. ఈ పేరు పెట్టినవాళ్లు ట్రాన్సమ్‌నే కాపాడుతుందన్నారు గానీ, నన్నడిగితే అది ముందు కాపాడేది టిల్ట్ సిలిండర్‌ను, కీలును. మోటారును లేపినందువల్ల ట్రాన్సమ్ మీద భారం నిజంగా పెరుగుతుందా లేదా అన్నది పడవలవాళ్లు పడవలు నీళ్లలోకి దించే రాంపు దగ్గర కాఫీ పట్టుకుని గంటలు గంటలు వాదించుకునే విషయం. సిలిండర్, కీలు అరిగిపోతాయన్న సంగతి మీద మాత్రం వాదన లేదు.

కొనేటప్పుడు రెండు చూడండి. మొదటిది, మీ ట్రైలర్ వెనక దాన్ని ఆనించే చోటు ఎలాంటిది? రోలర్ ఉంటే రోలర్‌ను పట్టుకునే రకం, ఉత్త చదరపు దూలమే ఉంటే బ్రాకెట్ బిగించే రకం కావాలి. రెండోది పంగ వెడల్పు. 40 హార్స్‌పవర్ మోటారుకు సరిపోయింది 150కి సరిపోదు.

పెట్టే పద్ధతి ఇది, వరస తప్పొద్దు. మోటారును పూర్తిగా లేపండి. కడ్డీ కింది చివరను ట్రైలర్‌కు తగిలించి పిన్ను వేయండి. పై పంగను మోటారు కాలి కింద, గేర్‌కేస్‌కు, అంటే టార్పెడో ఆకారంలో గుండ్రంగా ఉన్న భాగానికి, పైనున్న సన్నని మెడ దగ్గర పెట్టండి. స్కెగ్ మీదా వద్దు, ప్రొపెల్లర్ మీదా వద్దు, తుప్పు పట్టకుండా అమర్చే జింకు బిళ్ల మీద అసలే వద్దు. ఇప్పుడు బటన్‌ను ఆగి ఆగి నొక్కుతూ మోటారును దించండి. పంగలో మెడ కూర్చుని, కడ్డీ బిగువుగా నిలబడగానే ఆపేయండి. పంపు మోత మారేదాకా నొక్కేవాళ్లున్నారు, అలా నొక్కితే కడ్డీ వంగుతుంది లేదా సిలిండర్ దెబ్బతింటుంది. తరవాత దానితో వచ్చే రబ్బరు పట్టీని మోటారు కాలి చుట్టూ తిప్పి బిగించండి. గుంతలో పడ్డప్పుడు మోటారు క్షణం పాటు పైకెగిరితే పంగ జారిపోకుండా ఆపేది ఆ పట్టీయే. చివరికి మోటారు కాలిని రెండు చేతులా పట్టుకుని గట్టిగా పైకీ పక్కకీ ఊపండి. పడవంతా కలిసి ఊగాలి, మోటారు ఒక్కటే ఊగకూడదు.

ఎంత ఎత్తున పెట్టాలి అని అడుగుతుంటారు. రోడ్డుకు తగలనంత ఎత్తు చాలు. ఆకాశానికి లేపి పెట్టాల్సిన పని లేదు.

5. సిలిండర్ మీద పెట్టే అడ్డు ముక్క.

ట్రైలర్‌కు కడ్డీ ఆనించే చోటు లేనివాళ్లు, పాంటూన్ పడవలవాళ్లు దీన్ని వాడతారు. గట్టి ప్లాస్టిక్ లేదా అల్యూమినియం ముక్కను టిల్ట్ కడ్డీకి తొడిగి, మోటారును దాని మీదికి దించుతారు. బరువు నూనె మీద పడకుండా ఆ ముక్క మీద పడుతుంది. దీనికి ఒక మంచి గుణం ఉంది. మోటారు, పడవ ఒకే ముక్కలా కలిసి కదులుతాయి, ట్రైలర్ కుదుపు నేరుగా మోటారుకు పోదు. మీ మోటారు మోడల్‌కు సరిపోయే కొలత కొనాలి. చెక్క ముక్క చెక్కి పెట్టుకునే ప్రయోగాలు వద్దు, అది తడిసి చీలిపోతుంది.

6. మోటారు కంటే ముందు పడవను కట్టండి.

సేవర్ కొని బిగించి నిశ్చింతగా ఉండేవాళ్లు మరిచిపోయే విషయమిది. కడ్డీ ఒక చివర ట్రైలర్ మీద, ఇంకో చివర మోటారు మీద ఉంటాయి. మధ్యలో పడవ వెనక భాగం ట్రైలర్ పలకల మీద ఎగిరి పడుతుంటే, ఆ దెబ్బంతా కడ్డీ మోటారుకు మోసుకుపోతుంది. అంటే పడవ వెనక బిగించకుండా సేవర్ పెట్టడం సేవర్ లేకపోవడం కంటే మేలేమీ కాదు.

ట్రాన్సమ్ కింది భాగంలో రెండు పక్కలా ఇనుప కొక్కాలు ఉంటాయి. ఒక్కో దాని నుంచి ట్రైలర్ ఫ్రేముకు ఒక్కో రాచెట్ పట్టీ వేయండి. రెండూ కిందికి, కాస్త ముందుకు లాగేలా ఉండాలి. పట్టీని బిగించే ముందు ఒక సగం మెలిక తిప్పండి. అప్పుడు గాలికి బుర్రుమని మోగదు, అంచులూ అంత తొందరగా పీచు లేవవు. నైలాన్ తాడు వద్దు, తడిస్తే సాగుతుంది. పట్టీ మీద కుట్టిన చీటీలో ఎంత బరువు మోయగలదో రాసి ఉంటుంది, చదవండి. టెక్సాస్ ఎండకు రెండు మూడు వేసవులు గడిస్తే పట్టీ గరుకెక్కి రంగు పాలిపోతుంది. అది పారేసే సమయం.

ముందువైపు వించ్ పట్టీ ఒక్కటే చాలదు. దానితో పాటు పడవ ముక్కు కొక్కెం నుంచి ట్రైలర్‌కు విడిగా ఒక గొలుసు ఉండాలి. వించ్ పళ్లు ఊడినా పడవ వెనక్కి జారకుండా ఆపేది ఆ గొలుసే.

7. పక్కలకు తిరగకుండా చూడండి.

సేవర్ పంగ లోతుగా ఉంటే మోటారు పక్కలకు ఊగదు. అడ్డు ముక్క వాడేవాళ్లకు, మోటారు నిలువుగా తీసుకెళ్లేవాళ్లకు ఈ బెడద ఉంటుంది. చేత్తో తిప్పే మోటార్లకు బిగువు మీట ఒకటి ఉంటుంది, బిగించండి. స్టీరింగ్ ఉన్న పడవలో చక్రాన్ని నేరుగా పెట్టి పట్టీతో సీటు కాలికి కట్టేయండి. హైడ్రాలిక్ స్టీరింగ్ కడ్డీలకు తొడిగే క్లిప్పులు కూడా దొరుకుతాయి.

8. ట్రాన్సమ్ ఆరోగ్యం చూసుకోండి.

సెకండ్‌హ్యాండ్ పడవ కొన్నవాళ్లు ఇది తప్పక చదవాలి. పాత ఫైబర్ పడవల్లో ఆ గోడ లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల చుట్టూ పూసిన సీలెంట్ ఎండిపోతే నీళ్లు లోపలికి పోయి కలప కుళ్లుతుంది. బయటికి మెరుస్తూనే ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోండి. మంచి చోట టకటకమని మోగుతుంది, కుళ్లిన చోట దిమ్మదిమ్మగా ఉంటుంది. తరవాత మోటారును పైకి లేపి, ఒకరు దాని కాలిని మెల్లగా పైకీ కిందికీ నొక్కుతుంటే ఇంకొకరు ట్రాన్సమ్ పై అంచు మీద వేళ్లు పెట్టి చూడండి. గోడ వంగుతున్నట్టు వేళ్లకు తెలిసినా, మూలల్లో సాలెగూడులాంటి పగుళ్లు ఉన్నా పడవను మెకానిక్‌కు చూపించేదాకా రోడ్డెక్కించొద్దు. ఎంత ఖరీదైన సేవరూ కుళ్లిన చెక్కను కాపాడలేదు.

9. బోల్టులు, పలక.

మోటారు బ్రాకెట్‌ను గోడకు పట్టి ఉంచే నాలుగు బోల్టుల నట్లు పడవ లోపలి వైపు ఉంటాయి. సీజన్ మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి బిగువు చూడండి. నట్ల కింద వెడల్పాటి వాషర్ లేకపోతే వేయించండి. అలాగే ఇరవై అడుగుల లోపు పడవల్లో గరిష్ఠ హార్స్‌పవర్, మోయగల బరువు రాసిన పలక ఒకటి అంటించి ఉంటుంది. పాత యజమాని ఆ పలకను మించిన మోటారు తగిలించి అమ్మాడేమో చూసుకోండి.

10. చిన్న మోటారా? విప్పి ట్రక్కులో వేసుకోండి.

పదిహేను హార్స్‌పవర్ లోపు మోటార్లను సాధారణంగా రెండు చేతి మరలతో గోడకు బిగిస్తారు. కంపనానికి ఆ మరలు వదులవుతాయి. పైగా రోడ్డు పక్క మోటెల్లో రాత్రి ఆగితే తెల్లారేసరికి మోటారు ఉండకపోవచ్చు. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో జాలర్లు తెప్ప ఒడ్డుకు రాగానే మోటారు విప్పి, కర్రకు తగిలించి ఇద్దరు భుజాన మోసుకుపోవడం చూసే ఉంటారు. ఆ అలవాటే ఇక్కడా మంచిది.

విప్పే ముందు పెట్రోలు గొట్టం తీసేసి, కార్బొరేటర్లో మిగిలింది వంపేయండి. మోటారును కొంతసేపు నిలువుగా ఉంచి లోపలి నీళ్లు పూర్తిగా కారనివ్వండి. ఇది చెయ్యకుండా పడుకోబెడితే కాలిలో మిగిలిన నీళ్లు ఇంజిన్ సిలిండర్లోకి పాకుతాయి. పడుకోబెట్టాక కూడా తల భాగం ఎప్పుడూ కాలి కంటే ఎత్తులో ఉండాలి. ఫోర్‌స్ట్రోక్ అయితే ఇంకో నియమం ఉంది. ఏ పక్కకు పడితే ఆ పక్కకు పడుకోబెట్టకూడదు, ఇంజిన్ ఆయిల్ సిలిండర్లలోకి పోతుంది. ఏ వైపు నేల మీద ఉండాలో పుస్తకంలో ఉంటుంది. చాలా మోటార్లకు ఆ వైపునే చిన్న రబ్బరు కాళ్లు కూడా ఉంటాయి.

విప్పడం కుదరకపోతే మరలు బిగించి, రెండు పిడులనూ కలిపి పట్టే తాళం వేయండి. మోటారు నుంచి ట్రాన్సమ్ కొక్కేనికి ఒక ఉక్కు తీగ కూడా కట్టండి.

11. పెట్రోలు, కరెంటు.

విడిగా ఉండే పెట్రోలు ట్యాంకుకు మూత మీద గాలి మర ఉంటుంది, దాన్ని మూసేయండి. ఇంధన కుళాయి ఉంటే కట్టేయండి. లేకపోతే కుదుపులకు కారి పడవ అడుగున పోగవుతుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, కిందే నిలిచి ఉంటుంది. ట్యాంకునూ పట్టీతో కట్టండి.

బ్యాటరీ మెయిన్ స్విచ్ కూడా ఆపేయండి. తాళంచెవి తీసేసినా చాలా మోటార్లకు పక్కన ఉండే లేపే బటన్ పనిచేస్తూనే ఉంటుంది. పిల్లలకు ఆ బటన్ కనిపిస్తే నొక్కకుండా ఉండరు. ఆగిన చోట ఎవరో నొక్కి మోటారును పైకి లేపితే సేవర్ వదులైపోతుంది, మీకు తెలియదు.

12. వెనక వచ్చేవాడికి కనపడాలి.

మోటారు లేపి ఉంటే ప్రొపెల్లర్ రెక్కలు సరిగ్గా వెనక కారు అద్దం ఎత్తున ఉంటాయి. దానికి నారింజ రంగు తొడుగు వేయండి, లేదా ఎర్ర గుడ్డ కట్టండి. నంబరు ప్లేటు, బ్రేకు లైట్లు మోటారు వెనక దాక్కున్నాయేమో ఒకసారి దూరంగా నిలబడి చూడండి. మోటారు పై డొప్ప గొళ్లెం పడిందో లేదో అరచేత్తో కొట్టి చూడండి. దాని మీద వదులు గుడ్డ కప్పి పోయేవాళ్లుంటారు. గాలికి అది రాసుకుని రాసుకుని రంగంతా పోగొడుతుంది. బిగువుగా కూర్చునే కవర్ కొనండి, లేదా కప్పకండి.

13. బరువు సర్దండి.

వెనక మోటారు, దాని పక్కన బ్యాటరీలు, ట్యాంకు, ఐస్ పెట్టె, నీళ్ల క్యాన్లు. అన్నీ వెనకే పోగేస్తే ట్రైలర్ ముక్కు తేలికైపోతుంది. మొత్తం బరువులో దాదాపు పదో వంతు ట్రక్కు హిచ్ మీద పడాలి. అంతకంటే బాగా తగ్గితే హైవే మీద ట్రైలర్ తోకలా అటూ ఇటూ ఊగడం మొదలెడుతుంది. వెనకున్న సామాన్లు మధ్యకు జరపండి. అయినా ముక్కు తేలికగా ఉంటే వించ్ స్తంభాన్ని ట్రైలర్ మీద కాస్త ముందుకు జరిపించి, పడవనూ ముందుకు లాగాలి. దారిలో ఊగడం మొదలైతే బ్రేకు మీద కాలు వేయకండి, స్టీరింగ్ తిప్పకండి. యాక్సిలరేటర్ వదిలేసి నేరుగా పట్టుకుని ఉండండి.

14. మొదటి పది మైళ్ల తరవాత ఆగండి.

కొత్త బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే మనం ట్రైలర్ చక్రాలకూ పెడతాం. తప్పు లేదు. కానీ ఆ నిమ్మకాయలు నలిగిన పది మైళ్లకు ఒకసారి దిగి చూడటం అంతకంటే అవసరం. కుదుపులకు పడవ పలకల మీద సర్దుకుని కూర్చుంటుంది. ఇంట్లో బిగువుగా ఉన్న పట్టీలు అప్పటికి వదులవుతాయి. హైవే ఎక్కే ముందు విశాలంగా ఉండే బకీస్‌లాంటి బంకులో ఆపండి, ట్రైలర్‌తో తిప్పుకోవడానికీ చోటుంటుంది.

చూడాల్సినవి: సేవర్ రబ్బరు పట్టీ, వెనక రెండు రాచెట్లు, ముక్కు గొలుసు, హిచ్ పిన్ను, ట్రక్కుకు తగిలించిన రెండు గొలుసులు. తరవాత చక్రం మధ్యలో ఉన్న హబ్ దగ్గరికి అరచెయ్యి తీసుకెళ్లి, వేడి మరీ లేకపోతే తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బేరింగులో గ్రీజు అయిపోయి ఉండొచ్చు, ముందుకు పోవద్దు.

ఒక్కరే అన్నీ చూడటం కంటే ఇద్దరు చెరో పక్కా చూడటం మంచిది. ఒకసారి ఒక బంకులో పక్కన ఆగిన తెలుగు కుటుంబంలోని ఆయన పట్టీలు చూసి సంతృప్తిగా వస్తుంటే, వాళ్లావిడ వెనక నుంచి పిలిచింది. “ఏమండీ, ఈ పిన్నుకి చివర కొక్కెం వెయ్యలేదు, ఊడి వేలాడుతోంది.”

“వేశానే!”

“అయితే ఇదేంటి మరి?”

సేవర్ కింది పిన్ను సగం బయటికి వచ్చి ఉంది. ఆయన మాట్లాడకుండా వంగి పెట్టాడు. పిన్ను చివర వేసే చిన్న స్ప్రింగు క్లిప్పు చాలా చవక. రెండు అదనంగా గ్లవ్ బాక్సులో పడేసుకోండి.

15. వేగం.

ట్రైలర్ టైరు పక్క గోడ మీద ఎస్‌టీ అని మొదలయ్యే అంకెలుంటాయి. వేగం హద్దు విడిగా రాసి లేని ఇలాంటి టైర్లకు గంటకు 65 మైళ్లే హద్దు. రోడ్డు మీద 75 అని బోర్డు ఉండటం మీ ట్రైలర్‌కు వర్తించదు. కాంక్రీటు రోడ్డు అతుకుల మీద ఐదు మైళ్లు తగ్గించినా మోటారు ఊగడంలో తేడా అద్దంలో కనిపిస్తుంది.

16. చెరువు దగ్గర విప్పే వరస.

రాంపు మీద కాదు, దానికి ముందు సిద్ధం చేసుకోవడానికి కేటాయించిన చోట ఆగి విప్పండి. వెనక నలుగురు హారన్ కొడుతుంటే ఏదో ఒకటి మరిచిపోతాం. ముందు బ్యాటరీ స్విచ్ వేసి, మోటారును అంగుళం పైకి లేపండి. అప్పుడు సేవర్ మీది భారం పోయి చేతికి వస్తుంది. బరువు మీద ఉండగా గుంజి తీయడానికి చూసి వేళ్లు నలగ్గొట్టుకునేవాళ్లే ఎక్కువ. మోటారుకూ బ్రాకెట్‌కూ మధ్య చెయ్యి పెట్టకండి. సేవర్ తీసి ట్రక్కులో పెట్టండి. వెనక పట్టీలు విప్పండి, అడుగు బిరడా బిగించండి. ముక్కు గొలుసు, వించ్ పట్టీ మాత్రం పడవ నీళ్లలో తేలేదాకా అలాగే ఉండాలి. వాలు మీద ముందే విప్పి, పడవను కాంక్రీటు మీదికి జార్చుకునేవాళ్లు ప్రతి వేసవీ కనపడతారు.

17. బయటికి తీశాక వెంటనే లేపి కట్టేయకండి.

రాంపు దాటి చదునుకు రాగానే మోటారును పూర్తిగా దించండి. కాలిలోనూ ఎగ్జాస్టులోనూ ఉన్న నీళ్లు అప్పుడే కారతాయి. పడవ అడుగు బిరడా తీసి, చేపల తొట్టి ఖాళీ చేయండి. ఇది ఒక్క మోటారు మంచికే కాదు. 2014 జులై నుంచి టెక్సాస్ అంతటా చెరువుకు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ పడవలో నీళ్లు లేకుండా వంపేయడం చట్టం. టెక్సోమాలో 2009లో జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప బయటపడ్డాక ఈ గొడవ మొదలైంది. కంటికి కనిపించని దాని పిల్లలు మిగిలిన నీళ్లతో ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పోతాయి. ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న నాచు, చేపల దారం తీసేయండి. అప్పుడు మళ్లీ లేపి సేవర్ పెట్టండి.

18. ఇంటికి వచ్చాక.

సేవర్ తీసేసి మోటారును నిలువుగా దించి ఉంచండి. లేపి వదిలేస్తే ప్రొపెల్లర్ గొట్టంలో వాన నీళ్లు నిలుస్తాయి. డాలస్‌లో గడ్డకట్టే చలి ఏముంటుందిలే అనుకునేవాళ్లకు 2021 ఫిబ్రవరి గుర్తుండే ఉంటుంది. కుళాయి పైపులు పగిలినట్టే మోటారు కాలూ పగులుతుంది.

హెచ్‌ఓఏవాళ్లు డ్రైవ్‌వేలో పడవ పెట్టనివ్వకపోతే స్టోరేజీ లాటుకు తీసుకెళ్తాం కదా, అక్కడ ఎండలో సేవర్‌నూ పట్టీలనూ పడవకే వదిలి రాకండి. రబ్బరు త్వరగా పగుళ్లు తేలుతుంది, కొన్నిసార్లు వస్తువే మాయమవుతుంది. అన్నీ ఒక సంచిలో వేసి ట్రక్కు వెనక సీటు కింద పెట్టుకోండి. హిచ్ తాళంచెవి, అదనపు క్లిప్పులు కూడా అందులోనే.